అన్న కుడిచేతికి నేను కట్టిన ఆట

నా పేరు హసన్. కార్ఖానా అనే మా బస్తీల మెయిన్ రోడ్డు దిగి రెండు గల్లీలు లోపలికొస్తే నా సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. బోర్డు మీద నా పేరు పక్కన ‘ఇంజనీర్’ అని రాయించుకున్న. ఏ ఇంజనీరని ఎవ్వరూ అడగలే, నేనూ చెప్పలే. టెన్త్ రెండోసారికి పాసైన ఇంజనీర్‌ని. ఇది మా అన్న లాల్ సాబ్ కథ. కానీ నేను చెప్పుడు షురూ జేస్తే ఎవరి కథైనా తిరిగి తిరిగి నా మీదికే వస్తది. "నువ్వు ఎవరి పెండ్లికి వోయినా పెండ్లికొడుకు పక్కకు జరిగి నీకు జాగ ఇయ్యాలె" అంటది మా జన్నత్. నా భార్యనే, కానీ అబద్ధమాడదు.

మేము దూదేకులోళ్ళం. ఇంట్ల తెలుగే, మసీదుకు వోతే నమాజు, పని మాత్రం తాతల కాలం నుంచి ఒక్కటే. ముద్దగట్టిన దూదిని ఏకి, మళ్ళ మెత్తగ జేసి పరుపు కుట్టుడు. దానికి మనిషంత పొడుగు విల్లుంటది, విల్లుకు తంతి. ఎడమచేత్తోని విల్లు వట్టుకొని, కుడిచేత్తోని కొయ్యగుండు వెట్టి తంతిని కొట్టాలె. తంతి అదిరిందంటే ముద్ద ఇచ్చుకొని పోగుపోగుగ లేస్తది. అన్న ఏడో తరగతిల ఉండంగ మా నాయిన పోయిండు. నలభై దినాల ఫాతిహా కాంగనే అన్న పుస్తకాలు అటకెక్కించి విల్లు భుజానేసుకున్నడు. అప్పటికి నాకు మూడేండ్లు.

మారేడుపల్లి, కార్ఖానా, తిరుమలగిరి, ఏ గల్లీలకు వోయినా అన్న కేకేసేటోడు కాదు. గల్లీ మొగన నిలవడి తంతిని రెండుసార్లు మోగించేటోడు. గా మోత వినంగనే ఆడోళ్ళు పాత పరుపులు, దిండ్లు తెచ్చి వరండల్ల పడేసేటోళ్ళు. గా మోతతోనే నన్ను సదివించిండు, నా పెండ్లి జేసిండు, నా దుకాణానికి షట్టర్ వెట్టించిండు. ఆ షట్టర్ పైన బోర్డు మీదనే నేను ఇంజనీర్ అని రాయించుకున్న.

నేను సుత పని నేర్చుకున్న. నేర్చుకున్న అంటే రెండేండ్లు తుమ్మిన. దూదేకులోళ్ళ ఇంట్ల పుట్టి దూది అంటే పడనోడు నేనొక్కన్నే ఉంట. కానీ ఒక్క మాట మాత్రం తలకెక్కింది. "సగం దెబ్బ కొట్టకు రా. సగం దెబ్బకు దూది లెవ్వదు, తంతికి చుట్టుకొని ముడివడ్తది. కొడితే నిండ కొట్టు, లేకుంటే చెయ్యి దించు." సగం దెబ్బ వడ్డప్పుడల్లా అన్న నా నెత్తిమీద మాత్రం నిండ దెబ్బే కొట్టేటోడు.

అన్న చెవి గురించి చెప్పకుంటే ఈ కథ అర్థం గాదు. ఒకసారి యాప్రాల్‌ల కొత్త ఇల్లు గట్టుకున్న ఒకామె పాత పరుపు ఇచ్చి, "మొత్తం బూరుగు దూదే అండీ, మా పెళ్ళినాటిది" అన్నది. అన్న మొత్తం విప్పలే, దూదిని నలిపి చూడలే. ఒక మూల చింపి, పిడికెడు దూది తంతి కింద వేసి రెండు దెబ్బలు కొట్టిండు. "అమ్మా, సగం బూరుగు, సగం మిల్లు చెత్త. దానికి తోడు ఎవరో చాయ పోసిండ్రు" అన్నడు. ఆమె తిరిగి భర్త దిక్కు చూసింది. ఆయన పేపర్ తీసి మొహానికి అడ్డం వెట్టుకున్నడు.

తర్వాత మిషిన్లు వచ్చినయ్. అన్న మోండా మార్కెట్ వెనక తన ఇంటిని ఆనుకొనే చిన్న దుకాణం దీసి, ఒక మిషిన్ వెట్టిండు, విల్లును మేకుకు తగిలించిండు. దూది మిషిన్ ఏకుతది, పరుపు అన్న కుడ్తడు, ఎదురుంగ కూసోని షహర్ బానో వదిన గుడ్డ గుంజి వడ్తది. పదేండ్ల పైన గిట్లనే గడిచినయ్. మొన్న ఎండాకాలంల ఒకనాడు కుడుతుండంగ అన్న చేతిల నుంచి దబ్బనం జారింది. వంగి తీసుకుందామంటే చెయ్యి రాలే. వదిన "ఏందయ్యా, నిద్రొస్తుందా?" అని అడిగిందట. జవాబియ్యబోతే నోరు వంకర వోయింది.

పదకొండు దినాలు దవాఖాన్ల ఉంచిండ్రు. కాలు తిరిగొచ్చింది. మాట జెర మొద్దుగనైనా తిరిగొచ్చింది. వచ్చిన మొదటి మాట నన్ను తిట్టుడే, వార్డుల ఫోన్ల పెద్దగ మాట్లాడ్తున్ననని. కుడిచెయ్యి మాత్రం రాలే. ఎవరిదో సామాను చూస్తుండుమంటే చూస్తున్నట్టు దాన్ని ఒళ్ళె వెట్టుకొని కూసుండేటోడు. చెయ్యి రాకుంటే దబ్బనం లేదు, దబ్బనం లేకుంటే అన్న లేడు. ఈ ముక్క మా ఇంట్ల ఎవ్వరూ నోటితోని అనలే గాని అందరికీ తెలుసు.

మా కార్ఖానాలనే మెడికల్ షాపు మీద మేడం ఝాన్సీలక్ష్మి గారి ఫిజియోథెరపీ క్లినిక్. భీమవరం దిక్కు మనిషి, మాటల మర్యాదకు కొదవ లేదు. "చూడండి లాల్ గారూ, ఈ నాలుగైదు నెలలే మనకి ముఖ్యం. ఇప్పుడు కదిపితే వస్తుంది, వదిలేస్తే బిగుసుకుపోతుంది. మణికట్టు పైకీ కిందికీ, రోజుకి వంద సార్లు. రాకపోయినా ప్రయత్నం చెయ్యాలి. కదలిక ఎంత చిన్నదైనా ఫర్వాలేదు, నాకదే కావాలి" అని చెప్పింది. నేను పక్కనే కూసోని తలకాయ ఊపిన. ఊపుకుంటనే ఆమె టేబుల్ మీదున్న ఫోన్‌కు పగిలిన గ్లాస్ మారిస్తే ఎంతైతదా అని చూస్తున్న.

అన్న ఆ కసరత్తు చెయ్యలే. "పెద్దమనిషిని పట్టుకొని చిన్నపిల్ల లెక్క చెయ్యూపుమంటదేందీ?" అన్నడు. వదిన బతిమాలింది, కోపం జేసింది, అన్నం తిననని అలిగింది. ఏం లాభం? రెండు నెలలు గట్లనే పోయినయ్. ఒకనాడు నా దుకాణంల ఒక కాలేజీ పిల్ల ఫోన్ బాగు జేసి టెస్ట్ జేస్తున్న. ఫోన్‌ను అటిటు వంచితే తెర మీద కారు అటిటు పోతుంది. ఫోన్ లోపల కదలికను కనిపెట్టే చిప్ ఉంటది గదా, దాని మహిమ. అప్పుడు నా బుర్రల బల్బు వెలిగింది. నా బుర్రల బల్బు వెలిగిందంటే చుట్టుపక్కలోళ్ళు జాగ్రత్త వడాలె.

ఆలోచన మంచిదే, అల్లా సాక్షి. అన్న చేతికి ఫోన్ కడ్తం. అన్న మణికట్టు ఆడిస్తే, ఎదురుంగ లాప్‌టాప్ తెర మీద దూదిముద్ద మీద దెబ్బ వడ్తది. దెబ్బ దెబ్బకు ముద్ద ఇచ్చుకుంటది, తంతి మోగుతది. కసరత్తు అంటే చెయ్యడు, దూదేకుడు అంటే చేస్తడు. జన్నత్‌కు చెప్తే మొదటిసారి నన్ను మెచ్చుకున్నది. "పర్వాలేదే, నీకు సుత ఆలోచనలొస్తయ్!" అన్నది. అదే నా కొంప ముంచింది. మెచ్చుకోకపోతే జెర ఒళ్ళు దగ్గర వెట్టుకొని చేసేటోన్ని.

ఫోన్ నుంచి లాప్‌టాప్‌కు కదలిక పంపుడు మూడు దినాల్ల నేర్చుకున్న. ఇంటర్నెట్‌ల వీడియోలు చూసి, అటు నుంచి ఇటు కాపీ కొట్టి, ఎక్కడ పనిచేస్తే అక్కడ ఆగిన. అసలు తక్లీఫ్ మోతతోని వచ్చింది. ముందు నేను మేకుకున్న విల్లు దించి, తంతిని ఒకసారి కొట్టి రికార్డు జేసి పెట్టిన. అన్న నాలుగుసార్లు విని, "దీనికి దూది లేదు" అన్నడు. "ప్రతి దెబ్బ ఒక్క తీరుగ ఎట్ల మోగుతది రా? ముద్ద మీద ఒక తీరు, ఇచ్చుకున్నంక ఒక తీరు. ఇది గుడిసె తలుపు కొట్టినట్టుంది." నిజమే. అంటే రికార్డింగ్ పనికిరాదు. దెబ్బ ఎంత జోరుగ వడ్డది, దూది ఎంత ఇచ్చుకున్నది చూసి, ఎప్పటికప్పుడు కొత్త మోతను కంప్యూటరే పుట్టించాలె.

దానికో కిటుకుంది. బరబరమనే చిన్న శబ్దాన్ని తీసుకొని గుండ్రంగ తిప్పుతుండాలె. తిరిగినప్పుడల్లా దాన్ని జెర మెత్తగ చెయ్యాలె. అట్ల తిరగంగ తిరగంగ అది తంతి అదిరినట్టు మోగుతది. చెప్తే గింతే, చెయ్యవోతే నెలన్నర. నా మొదటి తంతి కప్ప లెక్క అరిచింది. రెండోది కుక్కర్ విజిల్. మూడోది వింటె పక్కింటి కుక్క వచ్చి మా గడపల కూసున్నది. కాకి పిల్ల కాకికి ముద్దు గదా, ఒక్కొక్కదాన్ని పట్టుకొని మోండా మార్కెట్‌కు ఉరికి అన్నకు వినిపించేటోన్ని. అన్న కండ్లు మూసుకొని విని, "ఊహూఁ" అనేటోడు. ఆ ఊహూఁ వినుడు నాకు చిన్నప్పటి నుంచి అలవాటే.

నడుమల ఒకసారి షోకుకు వోయి బ్లూటూత్ స్పీకర్ వెట్టిన. ఎడమచేత్తోని టెస్ట్ జేసిన అన్న నన్ను ఎగాదిగ చూసిండు. "కొట్టింది ఇయ్యాల, మోగుడు రేపా?" అన్నడు. దెబ్బకు మోతకు నడుమ కన్ను మూసి తెరిచేంత ఆలస్యం, అంతే. అన్న చెవికి అది సుత పట్టింది. మళ్ళ వైరున్న స్పీకరే తెచ్చిన. కడాకు ఒకనాడు పగటి పూట, తెర మీద ముద్ద దూది మీద నేనే ఫోన్ ఊపి పది దెబ్బలు కొట్టిన. మొదలు దుబ్బు దుబ్బుమని మందంగ మోగింది. ముద్ద ఇచ్చుకున్న కొద్దీ మోత తేటవడి టంగున లేసింది. అన్న "ఊహూఁ" అనలే. "ఇది బూరుగు దూది" అన్నడు, అంతే. నేను బాత్రూంలకు వోయి తలుపేసుకొని ఎగిరిన.

ఇగ మిగిలింది ఒక్క చిక్కు. ఫోన్‌ను టేబుల్ మీద ఊకె పెట్టినా దానంతట అది మోగేది. లారీ పోయినా, ఎవరన్న నడిచినా లోపలి చిప్ కదిలిందనుకుంటది. వదిన వంటింట్ల నుంచి ఉరికొచ్చి, "ఏందీ, జిన్ను గిట్ల వచ్చిందా?" అని దయ్యాలను తరిమే ఆయతుల్ కుర్సీ చదువుడు షురూ జేసింది. సరే అని ప్రోగ్రాంల ఒక లైను రాసిన. కదలిక ఇంతకంటే తక్కువుంటే అది దెబ్బ గాదు, చెత్త, పారెయ్యి. మరి ఇంత అంటే ఎంత? అక్కడ నా పాండిత్యం పనిచేసింది. ఫోన్ చేతిల వట్టుకొని నా కుడిచెయ్యి ఆడించిన. నిండ దెబ్బకు మోగాలె, సగం దెబ్బకు మోగొద్దు. ఒక గంట అంకె మార్చి మార్చి సరిగ్గ కుదిరిచ్చిన. సగం దెబ్బను ఒప్పుకోని ఆట! మా ఖాందాన్ ఉసూలును, తాతల నాటి నియమాన్ని, కంప్యూటర్‌కు నేర్పిన మొదటి దూదేకులోన్ని నేనే అని ఛాతీ విరుచుకున్న.

చేతికి ఫోన్ నిలవాలె గదా, అన్న పిడికిలి పట్టలేడు. వదిన చారల పరుపు గుడ్డతోని చిన్న సంచి కుట్టింది, అరచేతికి కట్టేటట్టు నాడలు వెట్టింది. అన్న ఏకిన దూది ఎంతో తెర మీద కిలోలల్ల వచ్చేటట్టు నేను పెట్టిన. ఆ కిలోలు నా ఫోన్‌కు సుత వస్తయ్. ఆట వాళ్ళింట్ల, అంకె నా దుకాణంల. నేను పొద్దుగాల పోయి అంతా అమర్చి, "షురూ జెయ్యన్నా" అని చెప్పి వచ్చేసిన.

మొదటి దినం సున్నా. రెండో దినం సున్నా. నేను గంటకొకసారి ఫోన్ జేసిన. "అన్నా, ఎన్ని కిలోలు?" "చేస్తున్న రా." "చేస్తే అంకె రావాలె గదా!" మూడో దినం సున్నా. నాలుగో దినం నేను జెర గట్టిగనే అన్న, "నీకు మనసు లేదు, అందుకే చెయ్యి లేస్తలేదు. నేను రెండు నెలలు నిద్ర మానుకొని చేసిన." నిద్ర మానలే, నడుమల క్రికెట్ సుత చూసిన. అన్న ఫోన్ వెట్టేసిండు. ఐదో దినం పదకొండు గంటలకు నా ఫోన్ టింగుమన్నది. కిలోన్నర!

కస్టమర్‌ను కౌంటర్ కాడ నిలవెట్టి అన్నకు ఫోన్ జేసిన. పిచ్చోని లెక్క పెద్దగ నవ్విన. ఆనాటి నుంచి ఇగ ఆగలే. మూడు కిలోలు, ఐదు, తొమ్మిది. కార్ఖానాల నాకు దొరికినోడు దొరికినట్టు గ్రాఫ్ చూపించిన. చాయ్ దుకాణంల చూపించిన, జుమ్మా నమాజు అయినంక మెట్ల మీద చూపించిన, ఒకామె ఫోన్ నీళ్ళల్ల వడ్డదని ఏడ్చుకుంట వస్తే ఆమెకు సుత చూపించిన. "మా అన్న ఇయ్యాల పదకొండు కిలోలు!" ఆ మోతలు సుత నా ఫోన్‌కు వస్తయ్, కానీ దుకాణంల లొల్లి ఎందుకని సౌండ్ బంద్ వెట్టుకున్న. మోత కోసం నెలన్నర సచ్చినోన్ని, ఆ మోతను ఒక్కనాడు వినలే. సాయంత్రం ఎప్పుడన్న పోతే, "ఇప్పుడే ఐపోయింది రా, అలసిపోయిన" అనేటోడు అన్న. వదిన చాయ్ తెచ్చి నా మొహం దిక్కు చూడకుండ పెట్టిపోయేది.

అప్పుడు ఝాన్సీలక్ష్మి మేడం ఊర్ల లేదు, అక్క కూతురి పెండ్లికని మూడు వారాలు భీమవరం పోయింది. వచ్చిన మర్నాడే గ్రాఫ్ పట్టుకొని మెట్లెక్కిన. చూసి ఆమె కండ్లు పెద్దగ జేసింది. "ఇంత తొందరగానా? ముందు ఒకసారి చెయ్యి చూస్తానండీ, తీసుకురండి" అన్నది. "చూసుడేంది మేడం, వినుండ్రి! ఐతారం మీ కాడికొచ్చే పేషెంట్లందరినీ పిలువుండ్రి, అందరి ముందట ఏకి చూపిస్తడు మా అన్న" అన్న. ఆమె వద్దు వద్దంటనే ఉన్నది, బయట కూసున్న పేషెంట్లను నేనే పిలిచిన. గొప్పలకు వోయేటోనికి ఎదుటోళ్ళ వద్దు వినవడ్తదా?

ఐతారం పదకొండు గంటలకు క్లినిక్‌ల ఏడుగురు పేషెంట్లు, వాళ్ళ మనుషులు. నేను నా పెండ్లి కోటు తొడుక్కొని వోయిన. బొత్తం పట్టలే, అందుకే తెరిచి పెట్టుకున్న, అదే ఫ్యాషన్ అనుకోవాలె. ఆటోల వస్తుండంగ వదిన, "హసన్, జెర ఆగు, ఒక మాట చెప్పాలె" అన్నది. "తర్వాత వదినా, కేబుల్ మర్చిపోయిన్నేమో చూస్తున్న." మెట్ల కాడ మళ్ళ అన్నది. "తర్వాత వదినా." లోపల మూడోసారి నా కోటు గుంజింది. "వదినా, కోటు నలుగుతది!" అన్న. ఆమె చెయ్యి తీసేసి వెనక కుర్చీల కూసున్నది.

నేను ఇరవై నిమిషాలు మాట్లాడిన. అందుల అన్న గురించి రెండు నిమిషాలు. తర్వాత అన్న కుడిచేతికి సంచి కట్టి, తెర మీద దూది వెట్టి, "ఊఁ, కొట్టన్నా!" అన్న.

మోగలే.

నవ్విన. "నెట్‌వర్క్ సార్" అన్న ముందు వరుసల కూసున్న పెద్దాయనతోని. వైఫై చూసిన, బాగనే ఉన్నది. స్పీకర్ వైరు పీకి మళ్ళ గుచ్చిన. లాప్‌టాప్ బంద్ జేసి మళ్ళ చాలు జేసిన. అందరినీ ఫోన్లు ఆపుమన్న, ఫ్యాన్ ఆపుమన్న. ఏడుగురు పేషెంట్లు చెమటలు కార్చుకుంట నా దిక్కే చూస్తున్నరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను ఆ క్లినిక్‌ల అన్ని వస్తువుల మీద తప్పు వెట్టిన. కడాకు సంచి విప్పి, నా చేత్తోని ఊపితే టంగున మోగింది. "చూసిండ్రా!" అన్న. మళ్ళ అన్న చేతికి కట్టిన. మళ్ళ ఏం లేదు. "అన్నా, జెర గట్టిగ. రోజూ కొట్టినట్టే కొట్టు." అన్న తల దించుకున్నడు.

వెనక కుర్చీ జరిగిన చప్పుడు. షహర్ బానో వదిన లేసి నిలవడ్డది. "వైరు బాగనే ఉన్నది హసన్. ఐదో దినం నుంచి సంచి ఎడమచేతికి కట్టిన. నేనే కట్టిన."

నాకు కోపమొచ్చింది. నిజం చెప్తున్న, ముందు సిగ్గు రాలే, కోపమే వచ్చింది. అందరి ముందట అరిచిన. "నాతోని నాటకమాడిండ్రా ఇద్దరు గల్సి? ఎవరి కోసం చేసిన ఇదంతా? నా ఇజ్జత్ ఏం గావాలె?" కోటు తెరుచుకొని, చేతిల వైరు వట్టుకొని, పక్షవాతం వచ్చిన మనిషి ముందట నిలవడి నా ఇజ్జత్ గురించి అడిగిన. ఇప్పుడు తలుచుకుంటే ఆ కోటును కాలవెట్టాలనిపిస్తది.

అన్న మెల్లగ మాట్లాడిండు. ఒక్కొక్క మాట కూడదీసుకొని చెప్పిండు. "నాలుగు దినాలు కుడిచేత్తోనే కొట్టిన రా. పొద్దుగాల కొట్టిన, మాపటికి కొట్టిన. మీ వదినను అడుగు. నీ ఆట ఒక్కసారన్న మోగలే. ఇగ చెయ్యి పోయిందనుకున్న. నువ్వేమో మనసు లేదంటివి." కుడిచేతి మీది సంచి నాడను సవరించుకున్నడు. "ఎడమచేత్తోని కొట్టిన నాడు నువ్వు ఫోన్ల నవ్వినవ్. నువ్వు గట్ల నవ్వంగ విని చాన ఏండ్లైంది. మళ్ళ బంద్ జెయ్య బుద్ధి గాలే."

నా కోపం ఎటు వోయిందో తెల్వదు. చేతిల వైరు మాత్రం మిగిలింది.

ఝాన్సీలక్ష్మి మేడం అన్న ముందు కింద కూసున్నది. రెండు వేళ్ళు మణికట్టు మీద పెట్టి, "లాల్ గారూ, ఆ నాలుగు రోజులూ కొట్టినట్టే ఒక్కసారి కొట్టండి" అన్నది. అన్న కండ్లు మూసుకున్నడు. నాకైతే ఏం కనవడలే. ఆమె వేళ్ళకు ఏదో తగిలినట్టుంది, తల తిప్పి నన్ను చూసింది. "హసన్ గారూ, చెయ్యి ఎంత కదిలితే మోగుతుందండీ మీ ఆట?"

ఆ అంకె పెట్టింది నేనే. లాప్‌టాప్ ముందట కూలవడ్డ. ఫోన్ పంపిన ప్రతి కదలిక ఒక ఫైల్ల పడ్తది, పారేసినవి సుత. ఆ ఫైలు నేను ఒక్కనాడు తెరువలే, కిలోలు చూసుకునుడే సరిపోయింది. తెరిచిన. మొదటి దినం రెండు వందల పన్నెండు దెబ్బలు. రెండో దినం రెండు వందల అరవై. మూడో దినం, నేను మనసు లేదన్న నాలుగో దినం, అన్ని కలిపి పదకొండు వందలు దాటినయ్. చిన్న చిన్న దెబ్బలు, నా నిండ దెబ్బల పదో వంతు లేవు. ఒక్కొక్కదాని పక్కన నా ప్రోగ్రాం సున్నా వెట్టుకుంట వోయింది. పదకొండు వందల సున్నాలు. మా అన్న చెయ్యి కదిలింది, నేను చెత్త అని పారేసిన.

అదే మాట పైకి చదివిన. మధ్యల ఏడ్చిన, ముక్కు కోటుకే తుడుచుకున్న. వదిన కొంగు నోట్లె కుక్కుకున్నది. మేడం మాత్రం నన్ను వదల్లే. "మూడు వారాలు పోయాయండీ. చిన్నదైనా ఫర్వాలేదని మొదటి రోజే చెప్పాను కదా!" అన్నది. నేను తలకాయ ఊపిన. ఆనాడు సుత ఊపిన.

"వాన్ని అనకమ్మా," అన్నడు అన్న. "సగం దెబ్బ దెబ్బ గాదని నేర్పింది నేనే." ఆ మాటకంటే నన్ను తిట్టినా బాగుండు.

అంకె మార్చిన. రెండుసార్లు తప్పు కొట్టిన. ఇరవై ఉన్నదాన్ని ఒకటి జేసిన. స్పీకర్ల సన్నగ గరగర లేసింది, కింద రోడ్డు మీద బస్సు పోతే అది సుత వినవడ్తుంది. మేడం అందరినీ కదలొద్దన్నది. మూల కూసున్న ముసలామె దగ్గు ఆపుకున్నది. అన్న తన కుడిచెయ్యి దిక్కు చూసిండు. జబ్బల నరం బిగిసింది, మెడ బిగిసింది, పెదవి కొరికిండు.

దుబ్బు.

లోపల్నుంచి, మందంగ, సగంలనే ఆగిపోయిన మోత. బస్సు గాదు, దగ్గు గాదు. తెర మీద ముద్ద దూది అంచుల ఒక్క పోగు లేసింది. ఎవ్వరూ చప్పట్లు కొట్టలే. ముందు వరుసల పెద్దాయన తన ఒళ్ళె ఉన్న చెయ్యి దిక్కు చూసుకున్నడు.

అన్న మొహంల ఏం జరిగిందో నాకు చెప్పరాదు. ఏండ్లకేండ్లు తంతి మోత విన్న చెవి గదా, మాకంటే ముందు ఆయనకే తెలిసింది. "ముద్ద మీద మొదటి దెబ్బ గిట్లనే ఉంటది" అన్నడు, ఎవరితోనో అన్నట్టు. కండ్లల్ల నీళ్ళు కారుతుంటే తుడుచుకునేదానికి కుడిచెయ్యి ఖాళీ లేదు, ఎడమచెయ్యి యాదికి రాలే. వదిన వచ్చి తుడిచింది. మళ్ళ కొట్టిండు. ఈసారి మోగలే. మళ్ళ కొట్టిండు. దుబ్బు.

జెరసేపైనంక అలవాటుగ తెర దిక్కు చూసి, "ఎన్ని కిలోలు రా?" అన్నడు.

"కిలోలు తీసేసిన అన్నా."

"మరి నీకెట్ల తెలుస్తది?"

"రేపటి సంది పొద్దుగాల నీ కాడ కూసోని వింట."

అన్న ఆయాసపడుకుంటనే నన్ను కింద నుంచి మీది దాక చూసిండు. "దుకాణం ఎవడు తెరుస్తడు, మీ నాయినా?" అన్నడు. మా ఇద్దరికీ నాయిన ఒక్కడే అన్న సంగతి ఆయనకు యాదికున్నదో లేదో. వదినకు ఏడుపుల నవ్వొచ్చింది. అన్న మళ్ళ పెదవి కొరికి చెయ్యి బిగవట్టిండు, నేను కోటు విప్పి పక్కకు వెట్టి ఆయన కాళ్ళకాడ కింద కూసున్న.